ఆకులు తీసిన మొక్కలు

మొక్కల గురించి ఏమీ తెలియదన్న ఒక్క అర్హత మీద ఆ వేసవిలో నన్ను మొక్కల విభాగంలో వేశారు. ఇది వెటకారం కాదు. తెలిసినవాళ్లు తెలిసిందంతా చెప్పి పని ఆలస్యం చేస్తారని మా కంపెనీ అనుభవం. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ తగాదా వస్తే ఇద్దరి మాటా చదివి, ఫొటోలు చూసి, న్యాయం ఎవరిదో తేల్చడం నా పని. అంతకుముందు చెప్పులు చూశాను, మిక్సీలు చూశాను. చెప్పుల తగాదాలో ఒక సుఖం ఉంది, తెగిన చెప్పు తెగినట్టే కనబడుతుంది. మొక్క అలా కాదు. అది చచ్చిందో, నిద్రపోతోందో, అలిగి కూర్చుందో ఫొటో చూసి చెప్పడం నాబోటిదాని వల్ల అవుతుందా? అయినా చెప్పాను. రోజుకు ముప్పై చొప్పున చెప్పాను.

మా నియమాలు చాలా తేలిక. సరుకు అందిన మూడు రోజుల్లో కొన్నవాళ్లు ఫిర్యాదు చేయాలి. రెండు రోజుల్లో అమ్మినవాళ్లు జవాబివ్వాలి. ఆపైన ఒక్క రోజులో మేము తేల్చేయాలి. తేల్చగానే ఫైలు మూతపడుతుంది. ఆ తర్వాత ఆ మొక్క ఏమైందో ఎవరికీ పట్టదు. నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం ఏమిటంటే, ఎవరైనా కథ చెబితే "తర్వాత?" అని అడగడం, కథ అయిపోయాక కూడా అడగడం. చెప్పుల దగ్గర ఆ రోగం నిద్రపోయింది కానీ మొక్కల దగ్గర లేచి కూర్చుంది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కినవాళ్లు క్షేమంగా దిగారా లేదా అన్నదే ఆయనకు కావాలి, దిగి ఎక్కడికి పోయారన్నది అనవసరం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నన్ను చూసి నవ్వేవాడు.

ఆ సీజను కోసం, టెంపరరీలుగా పనిచేస్తున్న మమ్మల్ని పదకొండు మందిని ఈ విభాగంలోకి తీసుకున్నారు. పైవాళ్లు ఒక్కొక్కరివి రెండొందల తీర్పులు తిరిగి చూస్తారు, వేసవి చివరికి వాటిలో నూటికి తొంభై ఐదు నిలిచినవాళ్లను పర్మనెంట్ చేస్తామన్నారు. తర్వాత మారిన ప్రతి తీర్పూ మన తప్పు కింద లెక్క. ఇక ఇంటి సంగతి. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఫ్రిజ్జు పక్కన నా బల్ల, కంప్యూటరు. వెనక గది మా ఇద్దరిది. అమ్మ ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి ఆ వేసవిలోనే రిటైరైంది, క్వార్టర్సు ఖాళీ చేయాలి. మా వీధి చివర మూడు గదుల ఇల్లు ఒకటి అద్దెకు ఉంది. ఇంటాయన పళ్ల డాక్టరు. పళ్లను చూసినంత అనుమానంగా మనుషులనూ చూసి, మొగుడూ పెళ్లాం ఇద్దరికీ పర్మనెంటు ఉద్యోగాలుంటేనే ఇస్తానన్నాడు, వేసవి చివరిదాకా ఆగుతానని మాటిచ్చాడు. నా ఉద్యోగం నిలిస్తే అమ్మకు గది దొరుకుతుంది, లేకపోతే లేదు. ఇంట్లో ముగ్గురికీ తెలిసిన ఈ సంగతిని ముగ్గురమూ పైకి అనేవాళ్లం కాదు.

అమ్మ రెండు పెట్టెలతో వచ్చి ముందు గదిలో మంచం వేసుకుంది. మొదటి రెండు రోజులు ఇంట్లోవాళ్లకూ ఇరుగుపొరుగుకూ బీపీ చూసింది. మూడో రోజుకు చూడడానికి మనుషులెవరూ మిగల్లేదు. వీధి చివరి ఇంటికి వెళ్లి, తూర్పు గది కిటికీని మూరలతో కొలిచి, కర్టెను గుడ్డ కొనుక్కొచ్చింది. ఆ పనీ అయిపోయాక కుర్చీ లాక్కుని నా వెనక కూర్చుంది.

కంప్యూటర్లో ఏ మొక్క ఫొటో తెరిచినా, ఈ పేషెంటుకి ఏమైందని అడిగేది. మొదట్లో విసుగ్గా ఉండేది. తర్వాత చూస్తే ఆవిడ ప్రశ్నలన్నీ నేను అడగాల్సినవే. ఎప్పుడు బయల్దేరింది, దారిలో ఎన్నాళ్లుంది, చివరిసారి బాగుండగా చూసిందెవరు, దించుకున్నాక ఎండలో పెట్టారా నీడలో పెట్టారా. ఆవిడ ధర్మమా అని ఆ వారం నేను రెండు దొంగ ఫిర్యాదులు పట్టుకున్నాను. ఒకాయన తన ఇంట్లో ఎప్పుడో ఎండిపోయిన మొక్క ఫొటో పంపాడు. కుండీ చుట్టూ నాచు పట్టి ఉంది, నాలుగు రోజుల క్రితం అందిన కుండీకి నాచెలా పడుతుందని అమ్మే అడిగింది.

ఇక ఆకులాయన గురించి చెప్పాలి. ఆ పేరు నేను పెట్టిందే. అతని దుకాణంలో దానిమ్మ, అంజూర, కాగితంపూల మొక్కలు దొరికేవి. ఫొటోలో నిండా ఆకులతో కళకళలాడే మొక్క ఉంటుంది. ఇంటికొచ్చేది మాత్రం వేళ్ల దగ్గర మట్టి ముద్దకు తడిగుడ్డ చుట్టిన ఒక బోడి పుల్ల. కొన్నవాళ్లకు ఒళ్లు మండదా? ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఆకులాయన ఒకే జవాబు రాసేవాడు. "ఆకులు నేనే తీశాను. మూడు వారాలు ఆగమనండి." అంతే. ఫొటో లేదు, వాదన లేదు, బతిమాలడం లేదు. మా ఫారంలో 'అమ్మకందారు ఒప్పుకున్నారా' అని ఒక గడి ఉంటుంది, అందులో అవును అని నొక్కి, "ఆకులు తానే తొలగించినట్టు అమ్మకందారు స్వయంగా అంగీకరించారు" అని రాసేదాన్ని. మొదటి నెలలో అలా మూడు కేసులు తేల్చాను. ఆ వాక్యం నాకెంత నచ్చిందో చెప్పలేను. మా లీడరు కూడా చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకుని అందరికీ చూపించింది. నాలుగో కేసు వేరే అమ్మాయికి వెళ్తే ఆవిడ నా వాక్యాన్నే ఎత్తి రాసింది. ఐదు ఓడితే దుకాణం మూత. ఆకులాయనకు నాలుగయ్యాయి.

నాలుగో కేసు తీర్పు కంప్యూటర్లో చూస్తుండగా అమ్మ నా భుజం మీదుగా చదివింది.

"ఒప్పుకున్నాడా? ఏం ఒప్పుకున్నాడు?"

"ఆకులు తనే తీశానని."

"సర్జన్ కేసు షీట్లో 'కాలు తీసేశాను' అని రాస్తాడు. అది నేరం ఒప్పుకున్నట్టా? ఎందుకు తీశావని అడగొద్దూ?"

ఎందుకు అని అడగడానికి ఫారంలో గడి లేదన్నాను. అన్నాక ఆ మాట నాకే ఎలాగో అనిపించింది. ఆ రోజంతా చేసిన పని చేతికి అంటుకోలేదు.

ఆకులాయన దగ్గర నేను మొక్క కొనకూడదు, అది రూలు. అమ్మ కొనకూడదని ఎక్కడా లేదు. ఒక దానిమ్మ తెప్పించింది. అయిదో రోజున పొడుగాటి అట్టపెట్టెలో పుల్ల దిగింది. అమ్మ దాన్ని కుండీలో నాటి, బాల్కనీలో నీడ చూసి పెట్టి, పక్కన గోడకు ఒక చార్టు తగిలించింది. తేదీ, ఉదయం, సాయంత్రం, ఇచ్చిన నీళ్లు, చూసినవారి సంతకం. మా ఆయన డ్యూటీకి పోతూ ఆ చార్టు చూసి, "అత్తయ్యా, విజిటర్లు ఏ టైములో రావచ్చు?" అని అడిగేవాడు. అమ్మ నవ్వకుండా టైము చెప్పేది.

నేను ఇంకో పని చేశాను. నా మూడు కేసుల్లో కొన్నవాళ్లకు తలా ఒక మెసేజీ పంపాను. మీ ఫిర్యాదు ముగిసింది, డబ్బు మీకు చేరింది, దానితో సంబంధం లేదు, ఆ మొక్క తర్వాత ఏమైందో తెలుసుకోవాలని మాత్రమే అడుగుతున్నాను. ఇలా రాయకూడదని రూలు లేదు. రాయాలన్న బుద్ధి ఇదివరకు ఎవరికీ పుట్టలేదు, అంతే. ఒకావిడ ఆ రోజే చెత్తలో పారేశానని రాసింది. మిగతా ఇద్దరూ పలకలేదు.

మూడు వారాలు గడిచాయి. దానిమ్మ పుల్ల చిగురించలేదు. ఇరవై నాలుగో రోజున అమ్మ గోరుతో బెరడు గీకి చూసింది. బతికున్న కొమ్మ లోపల పచ్చగా ఉండాలట, ఎవరో కొన్నతను ఫిర్యాదులో రాయగా మేమిద్దరం నేర్చుకున్న విద్య అది. లోపల గోధుమ రంగు. మెల్లగా పైకి లాగితే వేళ్లు కుళ్లి చేతికొచ్చాయి. నా మనసులో ఏం కలిగిందో దాచను, సంతోషం కలిగింది. నా మూడు తీర్పులూ సరైనవే, నా ఉద్యోగం భద్రం, అమ్మ గది భద్రం. అమ్మ మాత్రం చార్టు ముందు నిలబడి కిందనుంచి పైదాకా చదివింది. పూటకు ఒకటిన్నర గ్లాసు. పేషెంటు నీరసంగా ఉంటే సెలైను పెంచే అలవాటు చేతికి ఉండిపోయింది. చివరి గడిలో "నీళ్లు ఎక్కువయ్యాయి. పొరపాటు నాది" అని రాసి, సంతకం పెట్టి, చార్టు గోడకే ఉంచేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఒక ఫొటో వచ్చింది. నేను రాసిన ముగ్గురిలో మూడోవాడు. కాగితంపూల మొక్క, మోకాలెత్తు, ఒళ్లంతా లేత ఆకులు. కింద ఇలా రాశాడు: "నేను కటింగ్ షాపు నడుపుతాను. జుట్టు తీస్తే మళ్లీ వస్తుందని ఊరందరికీ చెప్పేవాణ్ని, ఆకుల దగ్గర కంగారుపడ్డాను. మీరిచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు." రెండు రోజుల తర్వాత రెండోవాడూ పలికాడు. అంజూర పుల్లను పెరట్లో ఓ మూల గుచ్చి మరిచిపోయాడట, నా మెసేజీ చూసి వెళ్లి చూస్తే అరచేతులంత ఆకులట. ఆ ఫొటో నేను ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో లెక్కలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకపోయినా ఆ పూట లీడరు ఫోనుకు ఉలిక్కిపడ్డాను.

ఆ వారమే ఐదో కేసు వచ్చింది. నాకే వచ్చింది.

కొన్నావిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. గేటుకు అటూ ఇటూ పెట్టుకుందామని రెండు అంజూరలు తెప్పించుకుంది, రెండు పుల్లలు వచ్చాయి. దయచేసి గోరుతో కొమ్మను కొంచెం గీకి, లోపలి రంగు ఫొటో తీసి పంపమన్నాను. నేను కొన్నది మొక్కలు, గీకే లాటరీ టికెట్లు కాదని జవాబు. ఇంకోసారి బతిమాలాను. మూడోసారికి, బండి తోలడం నేర్చుకునే పిల్ల ఎవరితోనో గీకించి ఫొటో పంపింది. రెండు కొమ్మలూ లోపల పచ్చగా ఉన్నాయి.

ఆకులాయనకు రాశాను. ఫారంలో గడి లేకపోయినా రాశాను. ఆకులు ఎందుకు తీస్తారు? అతని దగ్గర నుంచి అంత పెద్ద జవాబు ఎప్పుడూ రాలేదు.

"ఇన్నాళ్లకి ఒకరు ఎందుకని అడిగారు. పెట్టెలో నాలుగైదు రోజులుంటుందండి. తవ్వి తీసినప్పుడు సగం వేళ్లు తెగుతాయి, మిగిలినవి నీళ్లు తాగలేవు. ఆకులు మాత్రం ఎండకి నీళ్లు వదులుతూనే ఉంటాయి. ఆకులు ఉంచితే చూడ్డానికి బాగుంటుంది, కొమ్మ చచ్చిపోతుంది. అందుకే ఎండాకాలం తీసేస్తాను. మా ఆయన నేర్పిన పద్ధతి. ఆయన పోయాక కూడా ఇలాగే పంపుతున్నాను."

"మా ఆయన" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను ఇన్నాళ్లూ ఆయన, ఆయన అంటున్నది ఒక ఆవిడని. మనిషి ఆడో మగో కూడా తెలియకుండా మూడుసార్లు తీర్పు చెప్పాను. దుకాణంలో ఆకులున్న ఫొటోలే ఎందుకు పెడుతున్నారని అడిగాను. పుల్ల ఫొటో పెడితే మీరైనా కొంటారా అని ఎదురడిగింది. ఆకులు తీసి పంపుతానని ఫొటో కింద పెద్ద అక్షరాలతో రాయమన్నాను, మర్నాటికల్లా రాసేసింది. ఇన్నాళ్లూ కావలసింది ఆ ఒక్క ముక్క.

ఐదో కేసు ఆవిడకు అనుకూలంగా తేల్చాను. డ్రైవింగ్ స్కూలావిడకు మూడు వారాల గడువిచ్చి, అప్పటికీ చిగురించకపోతే డబ్బు తిరిగి వస్తుందని రాశాను. పని ముగించి, టీ పెట్టుకుని, నాలో నేనే మురిసిపోతూ అమ్మకు చెప్పాను. అమ్మ బాల్కనీ తీగ మీది బట్టలు తీస్తోంది.

"మరి ఆ మూడూ?" అంది.

ఆ మూడూ మూతపడ్డాయన్నాను. దుకాణం బతికింది కదా అన్నాను. అమ్మ దిండు గలీబు మడిచి, ఇంకో ఫిర్యాదు వస్తే ఎవరికి వెళ్తుందని అడిగింది. ఎవరికైనా వెళ్లొచ్చు. వాళ్లకు కనబడేది నాలుగు ఓటములు, నా వాక్యం. దుకాణం మూతపడడానికి ఇంకా ఒక్క అడుగే మిగిలింది. ఇది నాకు తెలియనిది కాదు.

"చార్టులో తప్పు రాస్తే మేం చెరపం," అంది అమ్మ. "దాని మీద దిద్దం. ఒక్క గీత కొట్టి, పక్కన సరైంది రాసి, సంతకం పెడతాం. కింద ఏం రాసుందో కనబడాలి. కనబడకపోతే అది దిద్దడం కాదు, దాచడం."

"అమ్మా, మూడూ తప్పని నేనే రాస్తే నేను తొంభై ఐదు కిందికి పోతాను. ఇల్లు పోతుంది."

"తెలుసు."

అంతే అంది. బట్టల దొంతర ఎత్తుకుని లోపలికి వెళ్లింది. నేను బాల్కనీలోనే నిలబడ్డాను. ఆవిడ మీద కోపం వచ్చింది. నీతులు చెప్పడం సులువు, పోయేది నీ గదే కదా, నీకే పట్టకపోతే నాకెందుకు అనుకున్నాను. తర్వాత, పోయేది ఆవిడ గదే కాబట్టి ఆవిడే ఆ మాట అనగలిగిందని తట్టింది. ఆ ముక్క మా ఆయనతో చెప్పాను. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ పళ్ల డాక్టరు ఇంటికి వెళ్లి, మా కోసం ఆగవద్దు, వేరేవాళ్లొస్తే ఇచ్చేయమని చెప్పి వచ్చాడు. నాతో సంప్రదించలేదు. లిఫ్టు ఆగినప్పుడు లోపలివాళ్లను అడిగి తలుపు తెరుస్తామా అన్నాడు.

నేను అదే రోజు పొద్దున లీడరుకు మెయిలు పంపేశాను. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోకుండా ఒకే రోజు ఒకే పని చేశాం.

లీడరు ఫోను చేసింది. మంచి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ మాట్లాడేది, ఆ రోజు నమలలేదు. నువ్వు చెప్పకపోతే ఎవరూ చూసేవాళ్లు కాదంది. తెలుసన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమంది. నా చేతులే కదా కాలింది, ఆకులు ఆవిడవి అన్నాను. అలాంటి సమయంలో అంత తెలివిగా ఎలా మాట్లాడానో ఇప్పటికీ తెలియదు. మూడు కేసులతోపాటు నాలుగోదీ తిరగదోడారు. నాలుగూ దుకాణమావిడ వైపు తేలాయి. నాలుగో కేసు చూసిన అమ్మాయి తొంభై ఐదు అంచున నిలబడి బయటపడింది, నాతో మాత్రం మాట్లాడడం మానేసింది. నాది తొంభై మూడున్నర దగ్గర ఆగింది. మీ నిజాయితీని అభినందిస్తున్నాం, మీ సేవలు ఈ నెలాఖరుతో ముగుస్తున్నాయి అని ఒకే వాక్యంలో రాశారు.

ఉద్యోగం చివరి వారంలో దుకాణమావిడకు నేనే రాశాను. మీ మీద వచ్చిన నాలుగు తీర్పులూ రద్దయ్యాయి, మీ దుకాణానికి ఇక భయం లేదు, అందులో మూడు తీర్పులు నేను చెప్పినవే, క్షమించండి. తిట్టొచ్చు, కృతజ్ఞతలు చెప్పొచ్చు, ఏదైనా రావచ్చని ఎదురుచూశాను.

"సరేనండి. ఇంతకీ ఆ మొక్కలు చిగురించాయా?" అని వచ్చింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్ని వేల ఫిర్యాదుల్లో నాలాగా "తర్వాత?" అని అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే. రెండు చిగురించాయనీ, ఒకదాన్ని చెత్తలో పారేశారనీ రాశాను. ఏ మొక్క అని అడిగింది. దానిమ్మ అన్నాను. కాసేపటికి, దానిమ్మ అన్నిటికంటే తొందరగా వస్తుందని రాసింది. మా ఇంట్లో నీళ్లు ఎక్కువై పోయిన దానిమ్మ సంగతి ఆవిడతో చెప్పే ధైర్యం చాల్లేదు.

వీధి చివరి ఇంట్లోకి వేరే సంసారం వచ్చింది. అమ్మ పది రోజులు పొద్దునే బయటికి వెళ్లి వస్తూ ఉండేది, గాలి మార్పు అనేది. పదకొండో రోజున, రెండు బస్సు స్టాపుల అవతల ఒక చిన్న క్లినిక్‌లో పని కుదిరిందనీ, వెనక ఉండడానికి గది కూడా ఇస్తున్నారనీ చెప్పింది. మేమిద్దరం వద్దన్నాం. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో వాదించి ఎవరు గెలిచారు? రెండు పెట్టెలూ మా ఆయనే మోసుకెళ్లి దించి వచ్చాడు. ముందు గదిలో మంచం ఉన్న చోట నేల మీద నాలుగు కోళ్ల గుర్తులు మిగిలాయి, వాటిని తొక్కకుండా నడిచేదాన్ని.

అమ్మకు దొరికిన మొదటి సెలవు రోజున చూడడానికి వెళ్లాను. గది చిన్నది. మంచం, చిన్న స్టవ్వు, గోడ వైపు తెరుచుకునే కిటికీ. దుప్పటి మూలలు ఆసుపత్రి మంచానికి మడిచినట్టే మడిచి ఉన్నాయి. అమ్మ టీ పోస్తుంటే ఆపుకోలేకపోయాను. నీ గది నేనే పోగొట్టానమ్మా అన్నాను, ఏడ్చాను కూడా. అమ్మ గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా మంచం మీద కూర్చుంది.

"గీత కొట్టమని నీకు గొప్పగా చెప్పాను కదా. నేను కొట్టని గీత ఒకటుంది."

నేను గ్లాసు కింద పెట్టాను.

"పిల్లల వార్డులో ఒక బాబుకి ఇంజెక్షన్ ఇచ్చాను. డ్యూటీ దిగే తొందరలో చార్టులో రాయలేదు. సాయంత్రం డ్యూటీకొచ్చిన అమ్మాయి గడి ఖాళీగా ఉందని మళ్లీ ఇచ్చింది. మర్నాడు గొడవైంది. అడగడానికి వచ్చేలోపే నేను ఆ గడిలో రాసేశాను, ముందే రాసినట్టు. చూసుకోకుండా ఇచ్చావని ఆ అమ్మాయిని తీసేశారు. బాబు బతికాడు. ఆ అమ్మాయి ఉద్యోగం బతకలేదు. పంతొమ్మిదేళ్లయింది."

అప్పుడు నాకు పదేళ్లు. ఆ ఏడాది అమ్మ ఎలా ఉండేదో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఎప్పటిలాగానే ఉండేది. రోజూ డ్యూటీకి వెళ్లేది, వచ్చి నాకు జడలు వేసేది. ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. వాటి మీద అసహ్యం వేస్తుందేమోనని భయపడ్డాను, వేయలేదు. జాలి వేసింది, కోపమూ వేసింది, రెండూ ఎటూ పోకుండా అక్కడే ఉన్నాయి.

అమ్మ మంచం కింది నుంచి అట్టా, తెల్ల కాగితమూ తీసింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా మొదటి మాట దగ్గరే చెయ్యి ఆగిపోతోందంది. "మీ లీడరుకి ఆ రోజు ఏమని మొదలుపెట్టావు?" అని అడిగింది, మందు మోతాదు అడిగినంత మామూలుగా.

"ఈ మూడు కేసులూ చూసింది నేనే, సరిగ్గా చూడలేదు అని రాశాను."

అమ్మ తలూపింది. కాగితం మీద కుడివైపు తేదీ వేసి, పక్కన టైము కూడా వేసింది. తర్వాత తన గుండ్రటి అక్షరాలతో మెల్లగా రాసింది. ఆ ఇంజెక్షన్ ముందు ఇచ్చింది నేనే, చార్టులో రాయలేదు. రాసి, ఒకసారి చదువుకుని, రెండో వాక్యంలోకి దిగింది. ఇక ఆగలేదు, కాగితం రెండో వైపుకు తిప్పి కూడా రాసింది.

కవరు అంటించాక, ఇన్నేళ్లకు ఆ అమ్మాయి ఎక్కడుందో ఎలా కనుక్కుందామని అడిగాను. పని లేని రోజులు, వెతకడం నాకు ఇష్టమైన పని, ఎవరినైనా అడిగి పట్టుకుంటానన్నాను. అమ్మ నా వైపు చూడకుండా పెట్టెలోంచి డైరీ తీసి, చివరి పేజీ తెరిచి, కవరు మీద చిరునామా ఎక్కించడం మొదలుపెట్టింది. ఏటా కొత్త డైరీ కొనగానే మొదట చేసే పని అదేనట, పాతదాంట్లోంచి ఆ చిరునామా తిరగరాసుకోవడం. ఈ పంతొమ్మిదేళ్లలో ఆ అమ్మాయి మూడు ఇళ్లు మారింది, మూడూ అమ్మకు తెలుసు.